ఉమ్మడి గంపలో సైకిలు

పల్లంరాజు సైకిలు కొన్నాడన్న కబురు సైకిలు కంటే ముందే పాలెం చేరింది. మొగల్తూరుకి దిగువన, సముద్రం ఒడ్డున ఉన్న ఆ చేపలవాళ్ల పాలెంలో పంతొమ్మిదివందల అయిదు నాటికి సైకిలు మొహం చూసినవాళ్లే తక్కువ. నరసాపురం లాకుల దగ్గర పనిచేసే దొర ఒకాయన ఊరు మారిపోతూ అమ్మేస్తుంటే, పల్లంరాజు వలలో తన వాటా అమ్మి మరీ కొనేశాడు. తొక్కడం రాదు కనక కాలవగట్టు వెంబడి నడిపించుకుంటూ వచ్చాడు. పాలెం పాలెమంతా వెనకాల ఊరేగింపు కట్టింది.

అతని సంబరానికి పట్టపగ్గాల్లేవు. ఉండవు మరి. గంప నెత్తిన పెట్టుకుని నరసాపురం సంతకి నడిచేసరికి పొద్దెక్కి, చేప మెత్తబడి, బేరం చేజారిపోయేది. సైకిలైతే చల్లపొద్దున్నే సంతలో ఉండొచ్చు. ఇంక సంతలో మొదటి గంప మనదేనని భార్య వీరవేణికి చెప్పిందే చెప్పాడు. వీరవేణి మాత్రం ఒక్కటే అడిగింది.

"ఇరిగితేనో?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వలలో వాటా ఎలాగూ పోయింది. సైకిలు కూడా పోతే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

ఆ పాలేనికి ఒక కట్టుబాటు ఉంది. వేట నుంచి వచ్చిన ప్రతి పడవా ఒడ్డున పెట్టిన ఉమ్మడి గంపలో ఒక చేప వేసి వెళ్లాలి. అవి అమ్మిన సొమ్ము కులపెద్ద సత్తియ్య దగ్గర ఉంటుంది. ఎవరి పడవ పగిలినా, ఎవరి వల చిరిగినా బాగుచేయించేది ఆ సొమ్ముతోనే. కాకపోతే పనిలో ఉండగా పోవాలి. పాలెంలోని అప్పాజీ అనే పడవవాడు సారా కోసం యానాం వెళ్లి, ఇసకమేటకి కొట్టి పడవ పగలగొట్టుకుంటే సత్తియ్య చిల్లిగవ్వ ఇవ్వలేదు. అప్పాజీకి ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

సైకిలుని కూడా ఉమ్మడి గంపలో కలుపుకోమని పల్లంరాజు వెళ్లి అడిగాడు. పెద్దలు కూర్చున్నారు. ఇదేం పడవా, వలా అని అప్పాజీ గయ్యిమన్నాడు. సత్తియ్య మీసం దువ్వుకుని, చేపని మోసేదేదైనా పడవేనని తేల్చాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పడవన్నాక నీళ్లలోకి దించాలి కదా అని మెలిక పెట్టాడు.

ఉప్పునీళ్లు తగిలితే తుప్పేనని దొర చెప్పిన మాట పల్లంరాజు చెవిలో మోగుతోంది. గుండె చిక్కబట్టుకుని, సైకిలుని పసిబిడ్డలా ఎత్తుకుని, ముందు చక్రం అంచు మాత్రం అలకి అందించి, మరుక్షణం పంచెతో తుడిచేశాడు. ఆడవాళ్లు దానికి పసుపూ కుంకుమా పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఒడ్డంతా కేరింతలతో హోరెత్తిపోయింది.

తొక్కడం నేర్చుకునేసరికి మోకాళ్ల చెక్కు లేచిపోయింది. అయితేనేం, ఆ తరవాత అతన్ని పట్టుకోగలిగినవాడు లేడు. రోజూ పడవలవాళ్ల దగ్గర చేపలు కొని, ఉమ్మడి గంపలో తన వంతు చేప వేసి, సైకిలు వెనక బిగించిన పలకమీద గంప కట్టుకుని, గట్టుమీద గాలిలా పోయేవాడు. సంతకి చేరేసరికి చందువా చేపలు ఇంకా మెరుస్తూనే ఉండేవి. కొనేవాళ్లు ఎగబడేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు వచ్చీరాని పాటలు పాడుకునేవాడు. బతుకులో అంత హుషారు అతను ఎన్నడూ ఎరగడు.

ఒక మధ్యాహ్నం ఇంటి ముందు ఖాళీ గంప దించుతుంటే అప్పాజీ పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. భార్యకి నొప్పులొచ్చి బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని సూరమ్మేమో మొగల్తూరులో ఉంది. అంతవరకూ చెప్పి, సాయం అడగడానికి నోరు రాక నిలబడిపోయాడు. పల్లంరాజు అడిగించుకోలేదు. సైకిలెక్కాడు.

సూరమ్మ భారీ మనిషి. వెనక పలకమీద కూచుని, పల్లంరాజు నడుం గట్టిగా పట్టుకుని, దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కుకుంటూ వచ్చింది. పాలెం కనిపిస్తుండగా వెనక చక్రం గుంతలో పడి అష్టవంకర్లు తిరిగింది. ఇద్దరూ గట్టుకిందకి దొర్లారు. సూరమ్మ చీర దులుపుకుని లేచి, అంత మనిషీ పరుగందుకుంది. పల్లంరాజు చక్రం పక్కనే కూలబడ్డాడు. సైకిలు ఈడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి అప్పాజీ ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్లట, తల్లికి కూడా గండం గడిచిందట. చక్రం చూస్తే ఏడుపొస్తోంది, పసిదాని ఏడుపు వింటే నవ్వొస్తోంది అతనికి.

మర్నాడు ఉమ్మడి గంప దగ్గర అందరూ చేరారు. సంత నుంచి వస్తుండగా విరిగిందని చెప్పమని వీరవేణి ముందే నూరిపోసింది. అలా చెబితే, నిజం తెలిసిన సూరమ్మా అప్పాజీ కూడా కాదనరు.

"ఇరిగినప్పుడు ఏం మోత్తన్నావురా?" అని అడిగాడు సత్తియ్య.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. పల్లంరాజు గంపకేసి చూశాడు. అందులో అందరి చేపలూ ఉన్నాయి.

"సూరమ్మత్తని మోత్తన్నానండి. చేపల గంప అప్పటికే ఇంటికాడ దించేశానండి."

సత్తియ్య మొహం వాడిపోయింది. అప్పాజీకి ఒక న్యాయం, నీకొక న్యాయం ఉండదు కదా, ఈ గంప ఇవ్వదు అన్నాడు. వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పాజీ తన పడవ దగ్గరికి వెళ్లాడు. ఖాళీ గంప ఒకటీ, ఆనాటి వేటలోకల్లా పెద్ద పండుగొప్పా పట్టుకొచ్చాడు. గంపని ఉమ్మడి గంప పక్కన పెట్టి, చేపని అందులో వేశాడు.

"ఆ గంప చేపలు మోసినోళ్లకి. ఇది మనుషుల్ని మోసినోళ్లకండి," అన్నాడు.

ఒకరి వెనక ఒకరు పడవలవాళ్లందరూ వచ్చి అందులో చేపలు వేశారు. ఆఖరికి సత్తియ్య కూడా వేశాడు. పల్లంరాజు కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు.

చక్రం సాపుచేయించుకుని సైకిలు తెచ్చిన రోజున పాలెమంతా మళ్లీ మూగింది. సత్తియ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెనక పలకమీద చేత్తో తట్టాడు.

"దీన్ని కాస్త ఎడల్పు చేయించరా. సూరమ్మకి ఇరుగ్గా ఉందంట."