తెర వెనక అమ్మమ్మ

దేశ రాజధానిలోని జనక్‌పురిలో జానకీదేవి పెట్టే బొమ్మల కొలువుకు పేరుంది. ఆఫీసర్ల భార్యలు పనిగట్టుకుని వచ్చి ఫోటోలు తీసుకుంటారు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం. మనవరాలు ప్రణతి అంతకంటే ప్రాణమని కూడా అనుకునేది, ఈ దసరా దాకా.

ప్రణతికి పుట్టుకతోనే చూపు లేదు. సెలవుల్లో వాళ్ల బడిలో మట్టిబొమ్మలు నేర్పారు. రంగుల జోలికి పోకుండా, తడిమి తెలుసుకున్నదాన్నే చేయమంది టీచరు. ప్రణతి అమ్మమ్మనే బొమ్మగా చేసి, కాగితంలో చుట్టి తెచ్చింది.

"కొలువులో పెడతావు కదా?"

"పెట్టకేం! కింది మెట్టు మీద, నీ చేతికందేలా పెడతా."

తీరా పేరంటం పూట కాగితం విప్పి చూస్తే బొమ్మకు కళ్లు లేవు, ముక్కు లేదు. చేతులు మాత్రం చేటలంత ఉన్నాయి. వచ్చినవాళ్లు నవ్వుకుంటారని భయపడి జానకీదేవి దాన్ని గబుక్కున కొలువు తెర వెనక పెట్టేసి, ఆ చోట కొండపల్లి ఏనుగును నిలబెట్టింది. పిల్లకేం తెలుస్తుందిలే అనుకుంది, మహా తెలివైంది!

పేరంటాళ్లు శనగలు అందుకుంటుండగా ప్రణతి తన క్లాసు పిల్ల భానుశ్రీ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆ పిల్లకూ చూపు లేదు. "రుక్ రుక్, ఆగు, మా అమ్మమ్మ ఇక్కడే ఉంది" అంటూ ప్రణతి మెట్టు తడిమింది. ఏనుగు తగిలింది. ఈ చివర నుంచి ఆ చివరకు మళ్లీ తడిమింది.

"పగిలిపోయిందా అమ్మమ్మా?" అంది మెల్లగా. "ఏడుస్తానని చెప్పలేదా? కోయీ బాత్ నహీ, పర్లేదు. నేను ఏడవను."

జానకీదేవికి తల కొట్టేసినట్టయింది. ఔనంటే సరిపోయేది. ఔననడానికి నోరు తెరిచింది కూడా. కానీ పిల్ల అప్పటికే ఆవిడను ఓదార్చడానికి చెయ్యి చాచింది. ఆ చెయ్యి చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

తెర వెనక్కెళ్లి బొమ్మ తెచ్చి ఆ చేతిలో పెట్టింది. "పగల్లేదమ్మా. నేనే దాచాను. వీళ్లందరి ముందు పెట్టడానికి సిగ్గేసింది."

ప్రణతి బొమ్మంతా తడిమి చూసుకుంది. ఎక్కడా బీట కూడా లేదు. పిల్ల మొహం వాడిపోయింది. అమ్మమ్మ వైపు తిరక్కుండా బొమ్మను భానుశ్రీకి అందించింది.

"అరే, ఇంత పెద్ద చేతులేంటి?" అంది భానుశ్రీ.

"అన్నం పెట్టేది, జడ వేసేది, రోడ్డు దాటించేది అవే కదా. నాకు అమ్మమ్మంటే అవే."

జానకీదేవి తన రెండు చేతులనూ కొంగులో దాచుకుంది.