తెల్లకాగితాల నేరం

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే మిగతావాళ్లను తిట్టుకోవడానికి తీరిక దొరుకుతుంది.

మా అంధుల సంఘంలో పదకొండు మందిమి. నేను కార్యదర్శిని. ఏటా మా సమావేశాల మినిట్స్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాలి. మేం బ్రెయిల్లో రాసుకుంటాం. చూపున్నవాళ్లెవరి చేతనైనా టైపు చేయించి ఆ ప్రతి ఇస్తాం. ఈసారి బల్ల మీద రెండు కట్టలున్నాయి. రెండూ తడిమి చూశాను. ఒకదాని నిండా చుక్కలు, హాయిగా చదువుకోవచ్చు. రెండోది నున్నగా ఉంది. ఎవరో తెల్లకాగితాలు ఇక్కడ పడేసిపోయారని విసుక్కుని అల్మారాలో పెట్టి, రాత ఉన్న కట్ట పట్టుకెళ్లి ఇచ్చొచ్చాను.

రిజిస్ట్రారుగారి కళ్లకు అందులో ఒక్క అక్షరం కనబడలేదు. ఖాళీ కాగితాలిచ్చి వెటకారం చేస్తున్నామని ఆయనకు తిక్కరేగింది. ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. మంగళవారం పొద్దున ఇద్దరు మనుషులొచ్చి మా గుర్తింపు రద్దయిందన్నారు. మమ్మల్ని బయటికి పంపి, గదికి తాళం పెట్టి సీలు వేశారు. నేను ముట్టుకునేసరికి లక్క ఇంకా వెచ్చగానే ఉంది.

"మిషను లోపలే ఉండిపోయిందక్కా" అంది మా సభ్యుల్లో కుర్చీలల్లే ఆవిడ.

సోమవారం ఆవిడకు ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగానికి పరీక్ష. వచ్చే నెలతో వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరిసారి. పరీక్షకు ఎవరి బ్రెయిల్ మిషను వాళ్లే తెచ్చుకోవాలి. మా సంఘం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క మిషనే.

మా మరిది వకీలు. సంగతంతా విని ముందు పడీపడీ నవ్వాడు. "వదినా, నువ్వు ప్రభుత్వానికే చుక్కలు చూపించావు!"

"నవ్వింది చాలు, లే" అన్నాను.

రిజిస్ట్రారుగారి ముందు కూర్చున్నాక మాత్రం మావాడు నవ్వలేదు. చట్టం తీసి చదివాడు. కాగితాల్లో లోపముంటే ముందు నోటీసివ్వాలి, దిద్దుకోవడానికి ముప్పై రోజులివ్వాలి, అప్పటికీ వినకపోతే హెచ్చరిక. సంఘాన్ని రద్దు చేసే అధికారం కోర్టుదే. గదికి తాళం వేసే అధికారం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. నేను తెల్లకాగితాలనుకున్న టైపు ప్రతి సీలు వేసిన గదిలోనే ఉంది కాబట్టి, మావాడు నేనిచ్చిన బ్రెయిల్ కట్టనే తెప్పించి అక్కడికక్కడే మినిట్స్ నాచేత చదివించాడు.

"చట్టం మాకు తెలీదనుకున్నారా లాయరుగారూ?" అన్నాడాయన, కాస్త తగ్గి. "కానీ ఆర్డరు వెళ్లిపోయింది. వెనక్కి తీసుకోవాలంటే పైవాళ్లు సంతకం పెట్టాలి."

"తాళం వేసేటప్పుడు పైవాళ్లు అక్కర్లేదా అండీ?" అన్నాను.

"అమ్మా, మీరు ఆవేశపడకండి."

"పోనీ, మిషనొక్కటి ఇప్పించండి. సోమవారం పరీక్ష."

"ఒక్క వస్తువు కోసం సీలు తీయకూడదండీ. రూలు."

"వేయకూడదన్నదీ రూలే కదా!" నా గొంతు వరండా దాకా వినబడి ఉంటుంది. వినబడనీ అనుకున్నాను.

గురువారం వెళితే ఫైలు పైకి వెళ్లిందన్నారు. శుక్రవారం వెళితే పైనున్నాయన సెలవు. మావాడు కోర్టుకు వెళ్లాడు. బుధవారానికి వాయిదా పడింది. సోమవారం కుర్చీలల్లే ఆవిడ వట్టి చేతులతో పరీక్షకు వెళ్లింది. ఎవరినైనా మిషను అడుగుదామంటే, వాళ్లూ రాయడానికే వచ్చారాయె. గేటు దగ్గరే తిప్పి పంపేశారు. ఆ సాయంత్రం ఆవిడ నాతో ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కోర్టుకు హాజరవ్వాలనేసరికి పైవాళ్ల సంతకం ఎగిరొచ్చింది. మంగళవారం నన్నూ, మరిదినీ, కుర్చీలల్లే ఆవిడనూ పిలిచి, రద్దు చెల్లదని రాసిన ఆర్డరు చదివి వినిపించారు. రిజిస్ట్రారుగారు మా ముగ్గురికీ కుర్చీలు కూడా వేయించారు.

"మీరే గెలిచారమ్మా. ఈ చిన్న కాగితం మీద సంతకం పెట్టి తాళంచెవి తీసుకెళ్లండి" అంటూ నా చేతికి కలం ఇచ్చారు.

మావాడు ఆ కాగితం అందుకుని పైకి చదివాడు. సీలు వల్ల సంఘానికి గానీ, సభ్యులకు గానీ ఎలాంటి నష్టమూ జరగలేదని ఉంది.

"ఇది కూడా చట్టంలో లేదండీ" అన్నాడు.

"మా ఫైలు మూయాలి కదా బాబూ. అయినా ఏం నష్టం జరిగింది? గదిలో సామాను గదిలోనే ఉంది."

నా పక్కన కుర్చీ కిర్రుమంది. కుర్చీలల్లే ఆవిడ లేచి నిలబడింది.

"జరిగిన నష్టం నేనేనండీ" అంది, మెల్లగా. "ఆ కాగితంలో నన్నెక్కడ రాస్తారు?"

నేను కలం బల్ల మీద పెట్టేశాను.