గాబ్రియేలు పేరు మీది మీటరు

పొద్దున పాలు పోసే వేళకు విశ్వాసమ్మ ఇంటి ముందు ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. ముందురోజు ఆమె మరచిపోయినదాన్ని తిరిగి ఇచ్చిపోవడానికి వచ్చేవారు. బేతంచెర్ల రైలు స్టేషను వెనక, బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు మొదలయ్యే చోట ఉన్న ఆ చిన్న కాలనీలో అది అందరికీ అలవాటైన పని. విశ్వాసమ్మ ఏదైనా మరచిపోతే, అప్పుడు ఆమెకు అందరికంటే దగ్గరగా ఎవరుంటే వాళ్ళ తలలోకి అది పోయి కూర్చునేది. వాళ్ళు వచ్చి ఆమెకు నోటితో చెబితే, వాళ్ళను వదిలి మళ్ళీ ఆమెను చేరేది. పక్కింటి కోడి మన గంపలో గుడ్డు పెడితే తీసుకుపోయి ఇచ్చినట్టు, జనం తెచ్చి ఇచ్చేవారు.

"పెద్దమ్మా, మీ చిన్న చెల్లెలి పేరు సుగుణమ్మ. రాజంపేటకిచ్చినారు" అన్నాడు ఒకరోజు టీ అంగడి బొజ్జన్న. "నిన్నటినుంచి ఆయమ్మ నా కండ్ల ముందరే తిరుగుతాండాది. మా వాళ్ళల్లో ఇట్లాంటి మనిషి ఎవరబ్బా అనుకుంటి."

"ఔను, సుగుణ. నీకెట్ల వచ్చె?"

"టీ తాగనీకి వచ్చి బెంచీ మీద పడేసి పోయినావు లే."

అందరూ బొజ్జన్నంత నిజాయితీగా ఉండరు. విశ్వాసమ్మ ఊరిమిండి పచ్చడి నూరే తీరు ఎదురింటి ఓబులమ్మకు పోయి శానా కాలమైంది. అడిగితే "నాకేం రాలేదు వదినా" అంటుంది. అప్పటినుంచి ఓబులమ్మ ఇంట్లో ఊరిమిండి వాసన మాత్రం వీధి చివరికి వస్తుంది.

మొదట్లో ఇదంతా నవ్వులాటగానే ఉండేది. ఈమధ్య విశ్వాసమ్మకు భయం పట్టుకుంది. మరచిపోయేవి ఎక్కువయ్యాయి. పక్కన ఎవరూ లేని సమయంలో ఏదైనా జారిపోతే అది ఎవరికి చేరుతుంది? అందుకే ఆమె ఒంటరిగా కూర్చోవడం మానేసింది. సాయంత్రం పూట చింతపండు గింజ తీస్తూ, పోగొట్టుకోకూడదనుకున్నవాటిని ఒకటొకటిగా మనసులో తిరగేసుకునేది. అన్నిటికంటే ముందు తిరగేసుకునేది ఒక సాయంత్రాన్ని. ఇంటి పక్కనున్న చర్చిలో మొదటిసారి బల్బు వెలిగిన సాయంత్రం అది. చర్చికి కాగితాలు లేవు, కరెంటు ఇవ్వలేమని ఆఫీసులో అంటే, ఆమె భర్త గాబ్రియేలు ఆఫీసుల చుట్టూ తిరిగి తన పేరు మీదే మీటరు రాయించాడు. గాబ్రియేలు పోయి ఎన్నో ఏళ్ళయింది. అతనికి సంబంధించి ఆమె దగ్గర మసకబారనిది ఆ ఒక్క సాయంత్రమే.

ఎండాకాలం ముదిరే రోజుల్లో ఆమె కొడుకు యేసుప్రసాద్ కాలి మీద బండల దొంతి జారింది. ఫ్యాక్టరీ యజమాని మొదటి రోజు కట్టు కట్టించాడు, ఆ తరువాత ఫోను ఎత్తలేదు. కాలు బాగుపడడానికి నెలలు పడుతుందని నంద్యాల డాక్టరు చెప్పాడు. వారం వారం అక్కడికి పోయి కట్టు మార్పించుకోవాలి, లేకుంటే పాదం తీసేయాల్సి వస్తుందన్నాడు. బస్సు చార్జీలకు కూడా కోడలు మహిమ చేతిలో ఏమీ లేదు.

సంపాదించే మనిషి మంచాన పడిన ఇళ్ళకు ఆర్నెల్లపాటు నెలనెలా కొంత ఇచ్చే సాయం ఒకటి వచ్చిందని విని, మహిమ వార్డు సచివాలయానికి వెళ్ళి దరఖాస్తు పెట్టింది. అక్కడ పనిచేసే శివాని ఆదోని వైపు పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. కంప్యూటరు చూసి తల గోక్కుంది.

"అక్కా, మీ ఇంట్లో కరెంటు శానా కాలుతాండాదే."

"రెండు బల్బులు, ఒక ఫ్యాను మేడం. ఆ ఫ్యాను కూడా తిరిగితే తిరుగుతాది, లేకుంటే లేదు."

"ఈడ రెండు మీటర్లు చూపిస్తాండాది. ఒకటి మీ ఇంటిది. ఇంకొకటి గాబ్రియేలు పేరు మీద ఉండాది, దానికి మీ అత్త ఆధార్ జోడించినారు. రెండూ కలిపితే ఇంత కరెంటు కాల్చే ఇంటికి సాయం రాదు."

మహిమ ఇంటికొచ్చి చెబితే విశ్వాసమ్మ చేతిలోని చింతపండు కింద పెట్టింది. తప్పు తనదే. ప్రతి మీటరుకూ ఎవరిదో ఒకరి ఆధార్ ఇవ్వమని కరెంటోళ్ళు అడిగినప్పుడు, పేరు చర్చికి మార్పించుకుందామని సంఘ పెద్ద హెన్రీ అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. నెలనెలా బిల్లు వచ్చినప్పుడు అందులో గాబ్రియేలు పేరు చదివించుకోవడం ఆమెకు ఇష్టం. "నా నంబరు రాసుకోండప్పా, ఏమైతాది" అని తన ఆధార్ ఇచ్చింది. బిల్లు సంఘమే కట్టేది. ఆ మీటరు మీద చర్చి ఫ్యాన్లు, మైకు, కాలనీ అంతటికీ నీళ్ళు తోడే మోటారు నడుస్తున్నాయి.

హెన్రీ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "పేరు మార్పించడానికి తిరుగుతానే ఉండా వదినా. చర్చికి ఇప్పటికీ కాగితాలు లేవు. రెండు మూడు నెలలు పడతాదంట."

"అంతలోకి నా కాలు నన్నిడిచి పోతాది మామా" అన్నాడు యేసుప్రసాద్, నవ్వుతూనే. "నేనుగూడా మా అమ్మ పక్కన కూర్చుంటే సరి. నా కాలు యాడ మర్చిపోతినని వీధంతా అడుక్కోవచ్చు."

"నోరు మూసుకోరా" అంది విశ్వాసమ్మ.

దరఖాస్తు మీద విచారణకు శివానియే వచ్చింది. చర్చి గోడకున్న మీటరు చూసింది, ఫోటో తీసుకుంది. వరండాలో చాప మీద కూర్చుని మహిమతో మెల్లగా చెప్పింది.

"మీటరు చర్చి గోడకు ఉండాది, నాకు కనపడతాండాది. కానీ మా సార్ ఏమంటాడంటే, పేరు మీది, నంబరు మీది, అది మొదటినుంచీ చర్చికోసమే పెట్టిందని ఎవరు చెప్పాల? మీవాళ్ళు చెబితే చెల్లదు. ఈ కాలనీలో అందరూ ఆ మోటారు నీళ్ళే తాగుతారు, వాళ్ళ మాటా చెల్లదు."

"మరి ఎవరు చెబితే చెల్లుతాది?"

"విచారణ చేసినవాళ్ళకు స్వయంగా తెలిసింది రాయమని ఒక గడి ఉండాది. నాకు తెలిసుంటే నేనే రాద్దును. మీటరు పెట్టినప్పటికి నేను పుట్టనేలేదు కదక్కా. దుడ్ల విషయం, అబద్ధం రాయలేను. ఈ సాయంత్రం లోపల పంపించాల."

విశ్వాసమ్మ ఇద్దరినీ చూస్తూ కూర్చుంది. లోపలినుంచి యేసుప్రసాద్ కాలు కదిలించుకుని మూలగడం వినిపించింది. కట్టు మార్చాల్సిన రోజు దాటిపోయింది.

"మహిమా, మేడంకు టీ పెట్టుపో" అంది.

"వద్దవ్వా."

"తాగాల. మా ఇంటికి వచ్చి ఊరికే పోగూడదు." మహిమ లోపలికి వెళ్ళాక, చాటను ఒళ్ళోకి లాక్కుని, పక్కన చాప మీద చేత్తో తట్టింది. "ఇట్ల నా దగ్గర కూర్చో తల్లీ. ఇంకా దగ్గరికి."

శివాని జరిగి కూర్చుంది. ముసలామె చింతపండు గింజ తీయడం మొదలుపెట్టింది. రోజూ చేసినట్టే ఆ సాయంత్రాన్ని మొదటినుంచి మనసులోకి తెచ్చుకుంది. మనుషులు, గోడకు కొత్త సున్నం వాసన, గాబ్రియేలు మొహం, అంతా వచ్చింది. ఒకసారి పూర్తిగా చూసుకుంది. ఇంకొకసారి చూసుకుంది. రోజూ అది జారకుండా ఎక్కడ గట్టిగా పట్టుకునేదో ఆమెకు బాగా తెలుసు. అక్కడే పట్టు వదిలింది. తరువాత గింజల లెక్కలో పడిపోయింది.

శివాని చర్చి గోడవైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె మొహం మీద కొంచెం కొంచెంగా నవ్వు వచ్చింది.

"ఆయన భుజం మీద వైరు చుట్ట ఉండె గదా అవ్వా" అంది.

"ఎవరి భుజం మీదమ్మా?" అంది విశ్వాసమ్మ.

శివాని ఠక్కున నోరు మూసుకుంది. ఈ అవ్వ సంగతి ఆమె కూడా వినే ఉంది. చెబితే తన దగ్గరినుంచి పోతుంది, పోతే ఇక రాయడానికి ఉండదు. అప్పటికే ఆ వైరు చుట్ట ఒక్కటి ముసలామెకు తిరిగి వెళ్ళిపోయింది. నల్లటి వైరు చుట్ట, అది ఎవరిదో, ఎందుకో తెలియకుండా, విశ్వాసమ్మ తలలో ఊరికే వేలాడుతూ ఉంది.

టీ చల్లారేలోపు శివాని ఆ గడి నిండా రాసింది. ఈ మీటరు చర్చికోసమే పెట్టించారనీ, అప్పటికి గాబ్రియేలు ఇంట్లో కరెంటే లేదనీ, చర్చి కిటికీలోంచి పడిన వెలుగే ఆ ఇంట్లో పడిన మొదటి కరెంటు వెలుగనీ, ఇదంతా తనకు స్వయంగా తెలుసనీ రాసి సంతకం పెట్టింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆఫీసులో ఆమె పై అధికారి శివశంకర్ చదివి కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. "నీకు స్వయంగా ఎట్ల తెలుసు పాపా? ఎప్పటి మాట ఇది?"

"విశ్వాసమ్మ మర్చిపోయింది సార్. నేను పక్కనే కూర్చోనుంటి."

"ఓహో, ఆయమ్మా" అని ఆయన పెన్ను తీసి దాని కింద తన సంతకం కూడా పెట్టాడు. "సరే, పంపించు."

సాయం మంజూరైంది. బండలు రుద్ది రుద్ది యేసుప్రసాద్ వేళ్ళు నున్నబడి, వేలిముద్ర మిషన్ మీద పడలేదు. కన్ను చూపించి పని కానిచ్చారు. మొదటి నెల డబ్బు పడిన రోజే మహిమ మొగుణ్ణి నంద్యాల బస్సు ఎక్కించింది. ఇంకొక వారం ఆలస్యమైతే చేసేది లేకపోయేదని డాక్టరు తిట్టాడు. ఆ తిట్లు ఆమెకు దీవెనల్లా వినిపించాయి.

యేసుప్రసాద్ వచ్చే డబ్బులోంచి అప్పులోళ్ళకు తలా కొంత పడేద్దామన్నాడు. మహిమ ఒప్పుకోలేదు.

"ఆర్నెల్లే ఇస్తారు. ఏడో నెల అప్పులోళ్ళు మన ఇంటికి బియ్యం పంపరు."

"మరేం చేస్తావు, దాచిపెట్టి దొరసాని అవుతావా?"

"అవుతా. నువ్వు గేటు దగ్గర నిలబడి సలాం కొట్టు."

కట్టుకు, బియ్యానికి పోగా మిగిలినదాన్ని కూడబెట్టి, లారీలు ఆగే చోట ఉగ్గాని బండి పెట్టింది. పొద్దున్నే బొరుగులు నానబెట్టి, మిరపకాయ బజ్జీ వేసి, లారీ వాళ్ళకు అమ్మేది. ఊరిమిండి లేనిదే వాళ్ళకు సాగదు. ఓబులమ్మ రెండు రోజులు అటూ ఇటూ చూసి, మూడో రోజు తనే రోలు దగ్గరికి వచ్చి కూర్చుంది. "నాకేం రాలేదనుకో" అని గొణుగుతూ నూరింది. మహిమ దానికి కూలి ఇచ్చింది.

సాయం ఆగిపోయే నాటికి యేసుప్రసాద్ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. బండలెత్తే పనికి ఇక పనికిరాడు. ఉల్లిగడ్డలు తరగడం నేర్చుకుంటున్నాడు.

విశ్వాసమ్మకు మాత్రం సాయంత్రాలు కుదురుగా ఉండేవి కావు. తను రోజూ మొదట తిరగేసుకునేది ఏదో ఉండేదని ఆమెకు తెలుసు. అది ఏమిటో తెలియదు. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు మనసు అక్కడికే పోయేది. దాన్ని తనే ఇచ్చిందని, ఎవరికి ఇచ్చిందో కూడా ఆమెకు గుర్తుంది. అయినా శివాని దారిలో కనబడినప్పుడు అడిగేది కాదు.

చలికాలం మొదట్లో శివానికి బదిలీ అయింది. వెళ్ళేముందు ఒక సాయంత్రం ఆమే వచ్చి చాప మీద కూర్చుంది.

"అవ్వా, నీది నా దగ్గర ఒకటి ఉండాది. ఇంక నాకు దాంతో పని లేదు. ఇచ్చి పోదామని వచ్చినా."

విశ్వాసమ్మ చేతులు చాటలోనే ఆగాయి.

"మంచిదేనా అది?"

"శానా మంచిది."

"నీకు బరువుగా ఉండాదా?"

"లేదవ్వా. ఒక్కోసారి బస్సులో పోతా పోతా దాన్ని తలచుకుంటా. కడుపు నిండినట్టు ఉంటాది."

"ఐతే నీ దగ్గరే పెట్టుకో తల్లీ."

"నీ వస్తువు అవ్వా. నేనెట్ల పెట్టుకునేది?"

"నాకిస్తే మళ్ళీ యాడో పడేస్తా. ఆ పొద్దు నా పక్కన ఎవరూ లేకుంటే అది మట్టిలో కలిసిపోతాది. నువ్వు వయసులో ఉండావు. నీ దగ్గర శానా ఏండ్లు ఉంటాది."

శివాని కళ్ళు దించుకుంది. ముసలామె వంగి, రహస్యం అడిగినట్టు అడిగింది.

"నోటితో చెప్పొద్దు. తల ఊపు చాలు. అందులో నేనుండానా?"

శివాని తల ఊపింది.

"నవ్వుతా ఉండానా?"

శివాని మళ్ళీ ఊపింది, ఈసారి గట్టిగా.

విశ్వాసమ్మ చాట పక్కకు పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆ పిల్ల సంచీ తనే అందుకుని చేతికిచ్చింది.

"పో తల్లీ. బస్సుకు పొద్దుపోతాంది" అంది.