కరిమూతిని చంపినవాడు

పుల్ల పొడిగా పైకి వచ్చింది.

దాదాపీర్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో తిప్పి చూశాడు. రోజూ పొద్దున ఏడు గంటలకు క్యానులో ముంచి తీసే చెక్కపుల్ల అది. లోపల నైట్రోజన్ ద్రవం ఎంత లోతు ఉంటే పుల్ల మీద అంత మేర తెల్లటి మంచు పడుతుంది. నిన్న పొద్దున నాలుగు వేళ్లు పట్టింది. ఇవాళ గోరంత కూడా లేదు. క్యాను మూతి దగ్గర ఎప్పుడూ తారాడే పొగ లేదు. అసలు క్యానుకు మూతే లేదు.

“సార్!” అని అరిచాడు.

ఆ పశువుల కేంద్రం డాక్టరు దుర్గప్ప మెడలో టవలుతోనే పరుగెత్తుకొచ్చాడు. క్యానులోకి తొంగి చూశాడు. 

“మూత యాడ పెట్టినావురా?”

“నేను తియ్యల్యా సార్. నిన్న సాయంత్రం డైరెక్టరు సారు వచ్చినాక నన్ను సోడాలకు పంపిస్తిరి. తిరిగొచ్చేసరికి గదికి తాళం పడినాది. తాళంచెవి మీకాడే ఉండె.”

“అయితే నేను తీసినానంటావా?”

దాదాపీర్ పుల్లను కిటికీ గట్టు మీద పెట్టాడు. ముప్పై ఏళ్ల అటెండరు ఉద్యోగంలో డాక్టర్లకు ఎదురు మాట్లాడిన జ్ఞాపకం అతనికి లేదు. ఈరోజు ఉద్యోగానికి ఆఖరి రోజు.

క్యానులో ఉన్నవి తొమ్మిది సన్నటి గొట్టాలు. వాటిలో ఉన్నది కరిమూతి జాతిలో ఆఖరి కోడె వీర్యం, ఆ ద్రవం చలిలో గడ్డకట్టించి దాచింది. కోడె చచ్చి ఆరేళ్లయింది. నల్లరేగడిలో మోకాలి లోతు దిగబడ్డా నాగలి వదలని, మూతి బొగ్గులా ఉండే ఆ పశువులు ఒకప్పుడు దేవనకొండ నుంచి ఆలూరు దాకా ప్రతి దొడ్డిలోనూ ఉండేవి. ఇప్పుడు మిగిలింది ఒక్క ముసలి ఆవు. పదకొండు గంటలకు, పేపరు విలేకరుల ముందు, దానికి ఆ చచ్చిన కోడె వీర్యం సూది వేయాలి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద వారం నుంచి బ్యానరు కట్టి ఉంది: ‘అంతరించిన జాతికి పునర్జన్మ’.

దుర్గప్ప ఒక గొట్టం కత్తిరించి మైక్రోస్కోపు కింద పెట్టాడు. తర్వాత ఇంకొకటి. మూడోది చూశాక కన్ను ఎత్తకుండానే అన్నాడు.

“ఒక్కటీ కదల్లేదు.”

బయట షామియానా కింద తిమ్మమ్మ ఆవు పక్కన గొంతుకూర్చుని ఉంది. దేవనకొండ పక్క పల్లె ఆమెది. ఆవుకు పదిహేనేళ్లు. నిన్న ఎదకొచ్చింది. సాయంత్రానికి ఎద దిగిపోతుంది. ఈ వయసులో మళ్లీ వస్తుందని ఏ డాక్టరూ చెప్పలేడు.

దాదాపీర్ ఆమెకు టీ తెచ్చి ఇచ్చాడు. పొట్టి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం. కుడి అరచేతిలో అడ్డంగా ఒక గాడి, ఇనుప పిడి ఏళ్ల తరబడి ఒత్తి చేసింది. గ్లాసు అందిస్తూ ఆ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. తిమ్మమ్మ ముందు ఎప్పుడూ అంతే.

“ఏం సాయిబన్నా, మీ డాక్టరు అట్ల మొత్తుకుంటాండాడు?”

“ఏంల్యాదక్కా.”

“దూడ పుడితే నా కోడె తిరిగొచ్చినట్టేనంట! యాడ మేస్తాది చెప్పు? వంక మీద బీడంతా దున్ని పత్తి ఏసిరి. మీ షెడ్డులో గొలుసేసి వచ్చినోళ్లకంతా చూపిస్తారు. దానికి తోడు యాడుంది? ఒంటి గొడ్డు!”

“మరి ఎందుకు తోలుకొస్తివక్కా?”

తిమ్మమ్మ టీ ఊదుకుంది. “ఊరి నోరు మూయిద్దామని. ఆ కోడెను దేవునికి విడిచింది నేను. అదుండంగానే ఊర్లో దూడలు పుట్టడం ఆగిపాయ. నా మొక్కులో మైల కలిసిందనిరి. ఏడేండ్లాయ, ఏ పెండ్లికీ పిలవల్యా నన్ను. అది సచ్చినాక కదా తెలిసె, ఎవడో పాపిష్టోడు దాన్ని నొక్కినాడని. నేను చెప్తే ఊరు నమ్మల్యా. వాని చేతులు పడిపోను.”

దాదాపీర్ ఖాళీ గ్లాసు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

స్టోరు గదిలో, గోనెసంచి కింద, కోడెలను నొక్కే పట్టకారు ఉంది. మూరెడు పిడులు, మొద్దు దవడలు. చర్మం తెగదు, రక్తం రాదు. లోపలి నరం మాత్రం చితుకుతుంది, కోడె ఎద్దయిపోతుంది. జెర్సీ సూదులు వచ్చిన కొత్తలో, నాటు కోడె ఊళ్లో తిరుగుతుంటే సూది దండగని పైనుంచి ఆర్డరు. దాదాపీర్ సైకిలుకు పట్టకారు కట్టుకుని ఊరూరా తిరిగాడు. ఎన్ని కోడెలు నొక్కాడో అతనికే తెలియదు.

చివరికి మిగిలింది తిమ్మమ్మ విడిచిన దేవుని కోడె. అప్పుడు ఇక్కడి డాక్టరు ఇప్పటి డైరెక్టరే. ఊరిని ఒప్పించి వారం రోజులు దాని వీర్యం పట్టాడు, గొట్టాల్లోకి ఎక్కించాడు. ఆ తర్వాత చల్లగా అన్నాడు: “బుడ్డిలో పడింది కదా దాదాపీర్. ఇక బయటిది ఎందుకు? నొక్కేయ్.”

దేవుని కోడె మీద చెయ్యి వేయడానికి కాంపౌండరు ఒప్పుకోలేదు. “సాయిబు చేస్తాడులే, వాళ్లకు ఈ పట్టింపులు ఉండవు” అని డైరెక్టరు నవ్వాడు. దాదాపీర్‌కు పట్టింపు ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఊరంతా ఎమ్మిగనూరు జాతరకు పోయిన రోజున, వంక గట్టు మీద, ఒక్క క్షణంలో పని అయిపోయింది. కోడె అరవలేదు. వెనక్కి తిరిగి, నల్లటి మూతితో పట్టకారును వాసన చూసింది. అంతే.

పదిన్నరకు జీపు వచ్చింది. డైరెక్టరు దిగాడు. మైక్రోస్కోపు మాట వినగానే అతని కళ్లు దాదాపీర్ మీద ఆగాయి. అయిదు నిమిషాల్లో తెల్లకాగితం తయారైంది.

“సంతకం పెట్టు. పొరపాటున మూత తీసి మరిచానని రాయించాను. పొరపాటుకు పెన్షన్ ఆగదు. పెట్టకపోతే ఎంక్వైరీ. అది నువ్వు బతికుండగా తేలదు.”

“పెట్టు దాదాపీర్, పోయేటప్పుడు గొడవెందుకు” అన్నాడు దుర్గప్ప నేల చూస్తూ.

దాదాపీర్ పెన్ను తీసుకున్నాడు. టేబులు మీద కర్నూలు నుంచి ఉదయం బస్సులో వచ్చిన పేపరు పరిచి ఉంది. మొదటి పేజీలో డైరెక్టరు ఫోటో. నిన్న సాయంత్రం తీసింది. ఒక చేత్తో గొట్టాల తొట్టిని క్యానులోంచి పైకెత్తి పట్టుకున్నాడు. చుట్టూ తెల్లటి పొగ, సినిమా దేవుడిలా. దాదాపీర్ కళ్లు పొగ దాటి కిందికి దిగాయి. సఫారీ కోటు జేబులోంచి జానెడు పొడవున తెల్లగా ఏదో పొడుచుకొచ్చి ఉంది. క్యాను మూతకు కింద ఉండే బెండు కాడ.

పెన్నుకు మూత పెట్టేశాడు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని స్టోరు గదికి వెళ్లాడు.

షామియానా కింద డైరెక్టరు అప్పటికే మైకు అందుకున్నాడు. గొంతులో బాధ ఒలికిస్తున్నాడు. “మిత్రులారా, ఏళ్ల తరబడి కాపాడిన సంపద ఒక నౌకరు నిర్లక్ష్యం వల్ల రాత్రికి రాత్రే నాశనమైంది. కరిమూతి జాతి రెండోసారి చచ్చిపోయింది. ఆ నేరస్థుడు ఎవరో మీరే చూడండి.”

దాదాపీర్ వస్తున్నాడు. చేతిలో గోనెసంచి మూట. నేరుగా ముందు వరుసలోని విలేకరి దగ్గరికి పోయి పేపరు విప్పి పట్టుకున్నాడు.

“సారు జేబులో ఏముందో సూడప్పా. క్యాను మూత మాదిరి ల్యా? పొగ బాగా రావాలని తీసి జేబులో ఏసుకున్యాడు. తిరిగి పెట్టల్యా.”

విలేకరి పేపరు కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. పక్కవాడు లాక్కున్నాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“వీణ్ణి బయటికి తోయండి!” డైరెక్టరు గొంతు మైకులో చీలింది.

“తొయ్యద్దు సార్, నేనే పోతాండాను. రెండోసారి సంపింది మీరు, ఫోటో ఉంది. మొదటిసారి సంపింది ఎవడని ఎవరూ అడగల్యా.”

అతను డైరెక్టరును చూడటం లేదు. ఆవు దగ్గరికి నడిచి తిమ్మమ్మ ముందు మూట విప్పాడు. పట్టకారు నేల మీద పెట్టి, గాడి పడిన అరచేయి మొదటిసారి ఆమె ముందు చాపాడు.

“సెప్పింది ఆయప్ప. బుడ్డిలో ఉంది కదా, బయటిది ఎందుకన్యాడు. నొక్కింది ఈ చెయ్యి. నీ మొక్కులో ఏ మైలా ల్యాదు తిమ్మక్కా. నీ కోడెను సంపినోడు దాదాపీరు. నేనే.”

తిమ్మమ్మ ఆ చేతిని చూసింది. తర్వాత కాలి దగ్గరున్న టీ గ్లాసును చూసింది.  మొహం అటు తిప్పుకుంది.

దాదాపీర్ సైకిలు స్టాండు తీశాడు. ఎమ్మిగనూరు లారీ లేపిన దుమ్ములో గేటు దాటాడు. ఆవు మెడ చాచి, నేల మీది పట్టకారును నల్లటి మూతితో వాసన చూసింది.