మీగడ రంగు బీటిల్

టిఫిన్ డబ్బలు కడిగి బోర్లిచ్చి, తడి చేతులు చున్నీకి తుడుచుకుంట మూల గదిలకు పోయి చూస్తే బీటిల్ లేదు.

అద్దాల పెట్టెల మిగతా బొమ్మ కార్లన్నీ ఎట్లున్నవి అట్లనే ఉన్నయి. దాని జాగ ఒక్కటే ఖాళీ. కింద పడ్డదేమోనని వంగి మంచం కిందికి చూసిన. అత్తమ్మ ఊడ్చేటప్పుడు తీసి ఎక్కడన్న పెట్టిందేమో అనుకున్న. అత్తమ్మ ఊడ్వదు. ఆ సంగతి యాదికొచ్చి లేచి నిలబడ్డ.

మా ఆయన సాయికృష్ణ అద్దం ముందట గడ్డం గీసుకుంటున్నడు.

"బీటిల్ ఏది?"

"ఏ బీటిల్?"

"మీగడ రంగుది."

"ఓ, అదా. మా ఓనర్‌కు ఇచ్చిన. నిన్న ఆయన బర్త్‌డే గదా. మస్తు ఖుష్ అయిండు." సబ్బు నురుగు నడిమిట్ల నుంచి నవ్విండు. "ఇంకోటి చేసుకో. నీకు పనేమున్నది?"

నాకు పనేమున్నది. కోడి కూయకముందే లేచి ఇద్దరికి రెండు తీర్ల వంట చేసుడు, అత్తమ్మకు షుగర్ గోలీలు చేతుల పెట్టుడు, ఈయన అంగీలు ఇస్త్రీ చేసుడు, భద్రాచలం బస్టాండుకు ఉరికి అడవిలకు పోయే బస్సెక్కుడు. నేను ల్యాబ్ టెక్నీషియన్. సర్కారు దవాఖానాల జరమొచ్చినోళ్ళ వేలు గుచ్చి, నెత్తురు సుక్క గాజుపలక మీద రుద్ది, మైక్రోస్కోపు కింద మలేరియా పురుగును ఎతుకుత. కన్నూ మెడా లాగుతుంటే మా సూపర్‌వైజర్ తలుపుకాడ నిలబడి, "మేడమ్, మీటింగున్నది, చాయ్ సంగతి జర చూస్తరా? లేడీస్ చేత్తోని ఇస్తే బాగుంటది" అంటడు. చూస్త. సాయంత్రం మళ్ళ బస్సు, మళ్ళ పొయ్యి. ఇద్దరి తిండ్లయి, గిన్నెలయి, అత్తమ్మ సీరియల్ ముందట కూసున్నంక మూల గదిల ఒక గంట. ఆ గంటను చూసే మా ఆయన నాకు పనిలేదంటడు.

ఆ గంటల నేను కార్లు చేస్త. ప్లాస్టిక్ ముక్కలు డబ్బల వస్తయి. ఒక్కొక్కదాన్ని కత్తిరిచ్చి, అరగదీసి, అతికిచ్చి, రంగేస్తే అసలు కారే అరచేతిలకు వచ్చి ఆగినట్టుంటది. కొత్త డబ్బలకన్న నాకు ఎవరో చెడగొట్టి అమ్ముకున్న పాతయి ఇష్టం. బీటిల్ గట్లనే హైదరాబాద్ నుంచి పార్శిల్ల వచ్చింది. మందంగ పూసిన ఎర్రరంగు కారి గడ్డ కట్టింది. గమ్ము పొగ పట్టి ముందటి అద్దం తెల్లగ మసకబారింది. ఒక చక్రం వంకర. రంగు ఊడాలంటే దాన్ని బ్రేక్ ఆయిల్ల నానబెట్టాలె. మెకానిక్ కాడికి పోయి అడిగితే, "సార్ బండికా మేడమ్? సార్‌నే పంపియ్యరాదు?" అన్నడు. నానినంక పాత బ్రష్‌తోని మెల్లగ రుద్దిన. అతుకులు ఊడదీసిన. సన్న ఎమెరీ కాయితం నీళ్ళల ముంచి, వేలి కింద గరుకు తగలకుండ అయ్యేదాక అరగదీసిన. వైపర్ల కోసం మిగిలిన ప్లాస్టిక్ పుల్లను దీపం మీద కాచి సాగదీస్తే వెంట్రుకంత తీగ వచ్చింది. అది చాలాసార్లు తెగింది. తెగినప్పుడల్ల మళ్ళ కాచిన. మీగడ రంగేసేదాక వానకాలమంత పట్టింది నాకు ఆ కారు.

ఎందుకు చేస్తవని అడిగితే ఒక్కటే చెప్త. వండింది తింటే అయిపోతది. ఉతికిన బట్ట సాయంత్రానికి మాస్తది. గాజుపలక చూసినంక కడిగేస్తం. ఇదొక్కటే, చేసినంక చేసినట్టు ఉంటది.

"పెండ్లయి ఇన్నేండ్లాయె. ఒళ్ళె పిల్లగాడు లేడు గని ఆడుకునే కార్లకు తక్కువ లేదు," అత్తమ్మ ఇంటికొచ్చినోళ్ళందరికి చెప్తది. "మా సారిక చిన్నపిల్ల," అని సాయికృష్ణ నవ్వుతడు. నా పేరు సారిక కాదు, సారక్క. మేడారం సమ్మక్క సారక్కల జాతరకు పోయొచ్చినంక పుట్టిన్నని మా నాయన మొండయ్య పెట్టుకున్న పేరు. ఆయన ఇల్లందుల బొగ్గుబాయిల పనిచేసిండు. పెండ్లయిన వారానికే సాయికృష్ణ, "ఆ పేరేంది, ముసలమ్మ పేరులెక్క," అని తన దోస్తుల ముందట నన్ను సారికను చేసిండు. అప్పుడు ముద్దు పేరనుకున్న. గంత తెలివి నాది.

బీటిల్ లేదని తెలిసిన ఆ పొద్దు బస్సుల ఫోన్ తీసి చూస్తే సాయికృష్ణ వాట్సాప్ స్టేటస్ల ఫొటో ఉన్నది. ఓనర్ కుర్చీల కూసున్నడు, అరచేతిల నా బీటిల్. పక్కన సాయికృష్ణ వంగి చేతులు కట్టుకొని నిలబడ్డడు. కింద రాసుకున్నడు: మా సార్‌కు నా చేతులతో చేసిన చిన్న కానుక.

నా చేతులతో. బస్సు చెక్‌పోస్టు దాటి అడవిలకు మలుగుతుంటే నా చేతుల దిక్కు చూసుకున్న. గోరు సందుల ఇంకా మీగడ రంగు ఉన్నది.

ఇంటికొచ్చినంక చెప్పిన, "నా కారు తెచ్చియ్యి."

"పిచ్చి లేసిందా? ఇచ్చింది మళ్ళ అడుగుతరా ఎవరన్న? ఖమ్మం షోరూంల మేనేజర్ పోస్టు ఖాళీ అయితున్నది. ఓనర్ నన్నే చూస్తున్నడు. ఈ టైంల ప్లాస్టిక్ బొమ్మ కోసం నా నోట్ల మన్ను కొడ్తవా?"

ఈయన భద్రాచలంల ట్రాక్టర్లు అమ్మే షోరూంల సేల్స్‌మన్. ఓనర్ ఉండేది ఖమ్మంల. మేనేజర్ కావాలని ఈయనకు ఎప్పటి సందో ఆశ. అయితే కానియ్యి, నేనెప్పుడు అడ్డం పడ్డ? గాని నా కారును తనదని చెప్పి ఇచ్చుడేంది? అదే అడిగిన.

"మొగుడు పెండ్లాల మధ్యల నాది నీది ఏంది?" అన్నడు. ఆయన జీతం ఏటీఎం కార్డు ఆయన పర్సుల ఉంటది. నాది కూడ ఆయన పర్సులనే ఉంటది. నాది నీది లేదంటే ఈ ఇంట్ల అర్థం అదే.

ఆదివారం పొద్దున తయారై చెప్పులేసుకుంటుంటే అత్తమ్మ అడిగింది, "యాడికి?"

"ఖమ్మం."

"మరి అన్నం?"

"బియ్యం డబ్బల ఉన్నయి."

ఆమె నోరు తెరిచేలోపు గేటు దాటిన. సాయికృష్ణ క్రికెట్ ఆడనీకి పోయిండు. బస్సెక్కిన. పాల్వంచ దాటినంక దిగి వాపసు పోదామనుకున్న. కొత్తగూడెంల బొగ్గు లారీల ఎనుక బస్సు ఆగి ఆగి పోతుంటే, ఏమని అడగాల్నో లోలోపల పదిసార్లు పలుకుకున్న. ఎట్ల పలికినా చివరికి బతిమాలినట్టే వచ్చింది. నాకు నా మీదనే కోపమొచ్చింది. నా వస్తువు నేను తెచ్చుకోనీకి ఇంత గొంతు సవరించుకునుడేంది?

ఖమ్మంల దిగి అడుక్కుంట అడుక్కుంట ఓనర్ ఇల్లు పట్టుకున్న. ఆయన ఇంట్ల లేడు. ఆయన భార్య కళావతి మేడమ్ తలుపు తీసింది. షోరూం దసరా పూజల ఒకసారి చూసిందట నన్ను.

"నువ్వు సాయికృష్ణ భార్యవు కదూ, సారికా! ఒక్కదానివే వచ్చావేంటి?"

"నా పేరు సారక్క మేడమ్. ఆ కారు కోసం వచ్చిన."

హాల్ల షోకేస్ల, షీల్డుల నడుమ ఉన్నది నా బీటిల్. ఒక చెక్కపలక మీద పెట్టి నాలుగు చక్రాలను గమ్ముతోని అతికిచ్చిండ్లు. బానెట్ మీద షోరూం స్టిక్కర్ కొట్టిండ్లు. ఒక వైపర్ లేదు. పక్క అద్దం ఇరిగిపోయింది.

"అదా? మీ ఆయన సార్‌కి ఇచ్చాడు కదమ్మా."

"చేసింది నేను. నన్ను అడగకుండ ఇచ్చిండు. తీస్కపోనీకి వచ్చిన."

ఆమె నన్ను కాళ్ళ నుంచి నెత్తి దాక చూసింది. "ఇచ్చిన వస్తువు వెనక్కి అడగటానికి సిగ్గనిపించట్లేదా నీకు?"

"ఇచ్చింది నేను కాదు మేడమ్."

ఆమె సోఫాల కూసొని నవ్వింది. నన్ను కూసోమనలే. "బొమ్మ కారు కోసం భద్రాచలం నుంచి బస్సెక్కి వచ్చావా? పాపం, చెప్పాడులే మీ ఆయన, పిల్లల్లేక నీ మనసు బాగుండట్లేదని. అందుకేగా ఉద్యోగం మానేస్తున్నావు. మంచి పని చేస్తున్నావు. ఖమ్మంలో మంచి డాక్టర్లున్నారు."

"ఏ ఉద్యోగం?"

"నీదే. 'వచ్చే నెలలో మా ఆవిడ రిజైన్ చేస్తుంది సార్, ఇక ఫ్యామిలీతో ఖమ్మంలోనే ఉంటాను' అని ఇక్కడే, ఈ సోఫాలోనే కూర్చుని చెప్పాడు. అప్పుడే సార్ ఆ పోస్టుకి ఒప్పుకున్నారు. పెళ్ళాం ఒక ఊళ్ళో, మొగుడు ఒక ఊళ్ళో ఉంటే మనిషి నిలకడగా పనిచేయడని సార్ నమ్మకం."

పెండ్లికి ముందు నుంచి, పరీక్ష మీద పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. రెండుసార్లు తప్పిన. మూడోసారి ఆర్డర్ వచ్చిన పొద్దు మా నాయన దగ్గుకుంట దగ్గుకుంట ఊరంత తిరిగి చెప్పిండు. దాన్ని ఈయన ఈ సోఫాల కూసొని, చాయ్ తాగుకుంట, ఒక్క మాటతోని ఇచ్చేసిండు. కారు తర్వాత ఇచ్చిండు. ముందు నన్నే ఇచ్చిండు.

"నేను మానేస్తలేను మేడమ్. మీ సార్‌కు చెప్పుండ్రి."

షోకేస్ అద్దం పక్కకు జరిపి, చెక్కపలకతో సహా కారును తీసుకున్న. "ఏయ్, ఏంటది, ఎవరింట్లో ఉన్నావనుకున్నావు?" అని ఆమె లేచింది. నేను కారు పట్టుకొని గేటు దాటిన. పొద్దటి సంది బస్సుల పలుకుకున్న మాటల్ల ఒక్కటి కూడ పనికి రాలే. అయినా పనైపోయింది.

నేను ఇల్లు చేరకముందే అంతా తెలిసింది. సాయికృష్ణ గడపల నిలబడ్డడు.

"నా ఇజ్జత్ తీసినవ్! ఓనర్ భార్య ముందట నన్ను దొంగను చేసినవ్!"

"ఎవర్నడిగి నా ఉద్యోగం మానిపిచ్చినవ్?"

"మాట వరసకు అన్న."

"మాట వరసకు నీది మానేస్తనని అనకపోయినవ్?"

అత్తమ్మ లోపల్నుంచి అరిచింది, "మొగోనితోని గట్ల మాట్లాడే నోరు ఏ ఇంట్ల నేర్సినవే?" సాయికృష్ణ నా చేతులకెల్లి చెక్కపలకను గుంజుకొని పైకెత్తిండు. గోడకేసి కొడ్తడని తెలుసు.

"పెట్టు కింద," అన్న. నేను అరవలే. మామూలుగనే అన్న. ఆ గొంతు నేను కూడ ఎప్పుడు ఇనలే. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి బయటికి పోయిండు.

పోస్టు పోతదనుకున్న. పోలే. నాలుగు రోజులకు మిఠాయి డబ్బతోని వచ్చిండు. "'ఆడోళ్ళ మాటలు నేను పట్టించుకోనయ్యా, మీ ఇంటిదాన్ని నువ్వు సంభాళించుకో' అన్నడు ఓనర్. పెద్ద మనిషంటే గట్లుండాలె. ఒకటో తారీఖు జాయినింగ్. సామాను కట్టుడు షురూ చెయ్యి."

అంటే నేను అంత దూరం పోయి చెప్పిన మాట ఎవ్వరి చెవిల పడలే. మానేస్తనని మా ఆయన చెప్తే అది నా మాట. మాననని నేను చెప్తే అది మాటే కాదు. ఆ రోజు నాకు ఏడుపు రాలే. ఒక తీరు శాంతం వచ్చింది. ఇక వీళ్ళకు చెప్పే పని లేదు కదా అనిపించింది.

సామాను కట్టిన. ఆయన అంగీలు, ప్యాంట్లు, క్రికెట్ బ్యాటు. అత్తమ్మ చీరెలు, ఇత్తడి బిందెలు, గోలీల డబ్బ, ఏ పూట ఏది ఏస్కోవాల్నో దాని మీద పెద్ద అక్షరాలతోని రాసిన. గాజు గ్లాసులకు పాత పేపర్లు చుట్టిన. టీవీకి దుప్పటి చుట్టిన. నేను నోరు మూసుకొని కడ్తుంటే ఆయనకు మనసు కుదుటపడ్డది. "ఇగో, గిట్లుండాలె. అక్కడ నీ బొమ్మలకు పెద్ద అద్దాల బీరువా కొనిస్త," అన్నడు. ఆయన పర్సుల నుంచి నా కార్డు తీసుకున్న పొద్దు కూడ ఏమనలే, దుకాణానికేమో అనుకున్నడు. ఇంటి ఓనరమ్మతోని మాట్లాడిన. సాయంత్రాలు ఒక గంట బీటిల్ ముందట కూసున్న. చక్రాలను చెక్క నుంచి బ్లేడుతోని విడదీసిన. స్టిక్కర్ పీకితే రంగు కూడ లేచొచ్చింది. మొత్తం మళ్ళ ఊడదీయాలె.

ఒకటో తారీఖు పొద్దున వ్యాన్ వచ్చింది. సామానంత ఎక్కినంక అత్తమ్మ ముందట సీట్ల కూసున్నది. సాయికృష్ణ ఒకసారి లోపలంత తిరిగొచ్చిండు.

"మూల గది కట్టనే లేదేంది? నీ బట్టలేవి?"

"బీరువాల ఉన్నయి."

"జల్దీ కట్టు మరి, డ్రైవర్ తొందర పెడ్తున్నడు."

"ఈ నెల నుంచి ఈ ఇంటి కిరాయి నేను కడ్త. ఓనరమ్మకు చెప్పిన."

ఆయనకు సమజ్ కాలే. "అంటే? నువ్వు ఎనుక నుంచి వస్తవా? ఎప్పుడొస్తవ్?"

"నేనొస్తనని చెప్పింది నువ్వు. నేను అనలే."

ఆయన గడపల నిలబడి నా దిక్కు, వ్యాన్ దిక్కు చూసిండు. అత్తమ్మ వ్యాన్ల నుంచి హారన్ కొట్టిపిస్తున్నది. నేను టిఫిన్ డబ్బ సంచిల పెట్టుకొని, తాళం చేతిలకు తీసుకున్న.

"బయటికి రా," అన్న. "తాళమెయ్యాలె. నాకు బస్సు టైమయితున్నది."