‘వద్దు’ సినిమా

ఆ పళ్ళ ల్యాబులో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆమె కన్నీళ్ళ కాంపౌండరు. పొద్దస్తమానం బోసినోళ్ళకి పళ్ళ సెట్లు చేసి నవ్వులు అమర్చడం ఆమె ఉద్యోగం. చేతికి కాస్త తీరిక దొరికితే, అడిగినవాళ్ళకి అడిగినంత ఏడుపు రాసివ్వడం ఆమె సరదా. మందు మాత్రం ఒక్కటే, యానిమే. జపాన్ వాళ్ళ బొమ్మల సినిమాలు. బొమ్మలే కదా, చిన్నపిల్లల వ్యవహారం అని తీసిపారేసిన డాక్టరుగారొకాయన, ఆమె చెప్పింది చూసి మర్నాడు కళ్ళు ఉబ్బిపోయి క్లినిక్‌కి వెళ్తే పేషెంట్లే ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారట.

ఊరికే నోటికొచ్చిన పేరు చెప్పే రకం కాదు ఆమె. ముందు ఆరా తీస్తుంది. అమ్మ ఉందా, ఇంట్లో కుక్కని పెంచుతున్నారా, ఈ మధ్య ఎవరైనా పోయారా, ఎవరితోనైనా మాటలు ఆగిపోయాయా, అన్నీ అడుగుతుంది. దెబ్బ ఎక్కడుందో తెలుసుకుని, దాని మీద కాకుండా పక్కన నొక్కే సినిమా చెప్తుంది. తల్లి పోయినవాడికి తల్లి సినిమా చెప్పడం వైద్యం కాదు, కసాయితనం అంటుంది. ఈ విషయంలో ఆమెకి మొండితనమూ ఉంది, కాస్త గర్వమూ ఉంది.

ఆ సినిమాల జపాన్ పేర్లు ల్యాబులో ఎవరికీ నోరు తిరగవు. అందుకని సినిమాలో ఏ వస్తువు కనబడితే అదే పేరు. ‘రైలు’ చూశావా, ‘కుక్క’ అయిపోయిందా, ‘గొడుగు’ దొరికిందా, ఇలా నడుస్తుంది. ‘గొడుగు’ అంటే ఒకే గొడుగు కింద బజారుకెళ్ళే ముసలి మొగుడూ పెళ్ళాల కథ. మెత్తటి ఏడుపు, కొత్తవాళ్ళకి పెట్టే మొదటి డోసు.

‘వద్దు’ అని ఇంకోటుంది. అన్న పోయిన కొత్తల్లో, కథేమిటో తెలియకుండా ఆమె ఆ సినిమా పెట్టుకుంది. వాన పడుతుంటే బొమ్మలో పిల్ల తండ్రికి ఫోన్ చేసి, నాన్నా, వచ్చి నన్ను తీసుకెళ్ళవూ అంటుంది. తండ్రి గబగబా చెప్పులేసుకుని బయల్దేరతాడు. అక్కడే ఆమె టక్కున కట్టేసింది. తర్వాత ఎవరు దాని ఊసెత్తినా, ‘అది వద్దు, అది మాత్రం వద్దు’ అని అడ్డం పడేది. ఆ సినిమా పేరే ‘వద్దు’ అయిపోయింది. తెలుగులో దానికి పెట్టిన పేరు చివరికి ఆమె కూడా మర్చిపోయింది.

ఆమె అన్న పోయింది కూడా అలా సాయంత్రం పూట బండి మీద బయటికెళ్ళే. రాంగ్ రూట్‌లో వచ్చిన లారీ గుద్దేసింది. ఎందుకు వెళ్ళాడని ఎవరూ ఎవర్నీ అడగలేదు. పోయిన మనిషి ఏ పని మీద వెళ్ళాడో తెలుసుకుని ఇప్పుడేం చేసుకుంటాం అనుకున్నారు.

ఐదో క్లాసు చదువుతున్న అన్న కూతురు అప్పట్నుంచీ ఏడవలేదు. అల్లరి చేస్తే ఓదార్చొచ్చు, అన్నం మానేస్తే బతిమాలొచ్చు. ఈ పిల్ల ఏ పేచీ లేకుండా తింటుంది, చదువుతుంది, తన కంచం తనే కడుక్కుంటుంది, తల్లి అడిగిందానికి మాత్రం జవాబు చెప్తుంది.

వదినా ఆడపడుచులకి మొదట్నుంచీ అంతంతమాత్రమే. అయినా ఆ రోజు పొద్దున వదినే ఫోన్ చేసింది. అప్పుడు కాంపౌండరు ముంజేతుల దాకా ప్లాస్టర్ పిండితో అచ్చు పోస్తోంది. ఫోన్ స్పీకర్లో పెట్టింది.

“నీ దగ్గరేవో ఏడిపించే సినిమాలుంటాయటగా. మా పిల్లకి పనికొచ్చేదొకటి చెప్పు. ఇవాళ స్కూలు లేదు.”

“దానికా వదినా?”

“మరి నాకా? నాకు సినిమాలెందుకు? పిల్ల రాయిలా అయిపోతోంది. ఒక్కసారి ఏడిస్తే తేలికపడుతుందేమోనని ఆశ.”

ఆమె చాలాసేపే ఆలోచించింది. తండ్రి ఉండకూడదు, బండి ఉండకూడదు, పిల్లలు ఉండకూడదు. “‘గొడుగు’ చూడమను వదినా. గొడుగు అని కొడితే వచ్చేస్తుంది, తెలుగులోనే ఉంది” అంది.

మధ్యాహ్నం చేతులు కడుక్కుని ఫోన్ చూసుకునేసరికి వదిన వాయిస్ మెసేజ్ ఉంది. “పిల్లే వెతుక్కుని పెట్టుకుంది. ‘వానలో గొడుగు’ అట. ఇప్పుడే మొదలైంది, కదలకుండా చూస్తోంది. తలుపు గడియ పెట్టుకోమన్నాను. నేను డ్యూటీకి వెళ్తున్నా.”

వానలో గొడుగు. ఆమె చెప్పిన సినిమాలో వానే లేదు. ఆ ముసలివాళ్ళు గొడుగేసుకునేది ఎండకి.

అప్పుడు గుర్తొచ్చింది, ‘వద్దు’కి తెలుగులో పెట్టిన పేరు అదే. ఆ మెసేజ్ మళ్ళీ పెట్టుకుని వింది.

“ఏమైందే?” అన్నాడు పక్క బల్ల మీద చిగుళ్ళ మైనం కరిగిస్తున్న పెద్దాయన. ఆయన్ని మైనం మామ అంటారు.

“మామా, కొంప మునిగింది. మా అన్న కూతురు ‘వద్దు’ చూస్తోంది.”

మైనం మామ గరిట కింద పెట్టేశాడు. “ఒక్కతేనా?”

“ఒక్కతే.”

“ఇంకా నిలబడ్డావేం? నీ సెట్టు నేను చూసుకుంటాలే, పో.”

పిల్ల దగ్గర ఫోన్ లేదు. వదిన పనిచేసేది మందులు ప్యాకింగ్ చేసే కంపెనీలో, అక్కడ లోపలికెళ్ళేముందే ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారు. మెట్లు దిగుతూనే ఆమె ఆ కంపెనీ గేటుకి ఫోన్ చేసి, ఫలానా ఆవిడని అర్జెంటుగా ఇంటికి పంపండి, పాప విషయం అని చెప్పింది. చెప్పింది సరిగ్గా చేరుతుందో లేదో ఆలోచించే ఓపిక లేదు.

బస్సు నత్తనడక నడిచింది. స్టాపులో ఎవరో దిగుతూ మళ్ళీ ఎక్కి, ఇది కాదేమో అనుకుని మళ్ళీ దిగారు. ఆమె కాలుగాలిన పిల్లిలా ముందుకీ వెనక్కీ తిరుగుతుంటే కండక్టరు, “అమ్మా, నువ్వు నడిస్తే బండి తొందరగా పోదు, కూర్చో” అన్నాడు. తన్నుకొస్తున్న కోపాన్ని మింగుకుని కూర్చుంది. ఆ పిల్ల గురించే ఆలోచన. ఆ బొమ్మల తండ్రి వానలో బయల్దేరాక ఏమవుతుందో ఆమెకి తెలియదు. మంచే జరుగుతుందేమో. మంచి జరిగే సినిమాని తన దగ్గరికొచ్చి ఎవరూ మెచ్చుకోరు, దీన్ని మాత్రం చాలామంది మెచ్చుకున్నారు.

వదిన వాళ్ళుండే అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కేసరికి రొప్పు వచ్చేసింది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపల్నుంచి వాన చప్పుడు వినిపిస్తోంది. బయట చూస్తే ఎండ మండిపోతోంది.

“నాన్నా, వచ్చి నన్ను తీసుకెళ్ళవూ” అంది లోపల బొమ్మ పిల్ల గొంతు.

ఆమె తలుపు దబదబా బాదింది. “అమ్మలూ! నేనే, అత్తని. తలుపు తియ్యి. టీవీ కట్టేసి తలుపు తియ్యి.”

“ఆగు అత్తా.” పాప గొంతు ఎప్పట్లాగే నిమ్మళంగా ఉంది. “అయిపోవస్తోంది.”

“అయిపోకపోయినా ఫర్వాలేదు. నువ్వు చూడాల్సింది అది కాదు.”

ఆమె గడియ ఊడుతుందేమోనని భుజంతో తోసింది. ఊడలేదు. ఎన్నాళ్ళుగానో తప్పించుకు తిరిగిన సినిమా చివరి భాగమంతా ఆమె తలుపుకి చెవి ఆనించి వినాల్సి వచ్చింది. బండి చప్పుడు, ఎవరో పరిగెత్తడం, ఆస్పత్రిలో ఎవరినో పిలవడం. తర్వాత ఆ బొమ్మ పిల్ల, ‘నేను పిలవకపోతే నాన్న వచ్చేవాడు కాదు’ అని ఒక్కసారే అంది. ఆ మాటకి సినిమాలో ఎవరూ జవాబు చెప్పలేదు. వాన ఆగింది. పాట వచ్చింది. పాట కూడా అయిపోయింది.

అయినా తలుపు తెరుచుకోలేదు. “అమ్మలూ” అంది. ఈసారి తలుపు బాదలేదు.

గడియ తీసిన చప్పుడైంది. పాప కళ్ళు పొడిగా ఉన్నాయి. మొహం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, అత్తని లోపలికి రమ్మనలేదు.

“నీకెవరు చెప్పారు అత్తా?”

“ఏంటమ్మా?”

“తెలిసే కదా ఈ సినిమా చూడమన్నావ్.”

“నేను చెప్పింది ఇది కాదు తల్లీ. పేరు కలిసి పొరపాటైంది. అది చెప్దామనే పరిగెత్తుకొచ్చాను.”

పాప నమ్మలేదు. ఆ వయసు పిల్లకి ఉండకూడని చూపుతో అత్తని ఎగాదిగా చూసింది. “చార్టు పేపరు నేనే తెమ్మన్నానని నీకు తెలుసు” అంది. “మర్నాడు స్కూల్లో ఇవ్వాలి. రేపు తెస్తాలే అన్నారు నాన్న. ఇప్పుడే కావాలని నేనే గొడవ చేశాను. అమ్మకి కూడా తెలిసిపోయిందా? అందుకేనా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు?”

ఇన్నాళ్ళూ పిల్ల కక్కలేక మింగలేక మోస్తున్నది ఇదన్నమాట. ఇప్పుడు తను తప్పు మాట అంటే ఈ పిల్ల ఇక జన్మలో నోరు విప్పదని కాంపౌండరుకి అర్థమైంది. నీ తప్పేం లేదమ్మా అని తేలిగ్గా అనేయొచ్చు. ఆ మాట చెప్పే పెద్దవాళ్ళని పిల్లలు నమ్మరు.

ఆమె అక్కడే గుమ్మంలో చతికిలబడింది. పాప మొహం ఇప్పుడు తన మొహానికి పైన ఉంది.

“అడిగావు. నిజమే” అంది. “గొడవ కూడా చేశావు. మీ నాన్న కాబట్టి చేశావు. పక్కింటాయన్ని అడుగుతావా చార్టు తెమ్మని? పిల్ల నాన్నని అడక్కపోతే ఇంకెవర్నడుగుతుంది? అడగడం వరకే నీది. రాంగ్ రూట్‌లో వచ్చింది ఆ లారీవాడు.”

పాప కింది పెదవి గట్టిగా కొరికి పట్టుకుంది. “అమ్మకి చెప్పకు” అంది.

మాట ముగిసేలోపే మెట్ల మీద పరుగు వినిపించింది. వదిన. తలకి కంపెనీ టోపీ అలాగే ఉంది, ఒక చేతికి గ్లౌజు కూడా ఉంది. గేటు దగ్గర మనిషి పాపకి ఏదో అయిందట అని చెప్పాడేమో, మొహంలో నెత్తురు చుక్క లేదు. పిల్ల నిలబడి ఉండటం చూసి గోడ పట్టుకుని ఆగిపోయింది. ఆ తర్వాత ఆడపడుచు మీద విరుచుకుపడింది.

“బుద్ధుందా నీకు? ప్రాణం పోయిందనుకున్నా. ఏం చేశావు దాన్ని? ఏం సినిమా చూపించావు?”

తిట్లు తిన్నా ఫర్వాలేదు, పాప సంగతి మాత్రం తన నోట రాకూడదు అనుకుంది కాంపౌండరు. పాప అత్త వంక చూసింది, తల్లి వంక చూసింది.

“అమ్మా, నాన్న చార్టు కోసం వెళ్ళారు. నేనే తెమ్మన్నాను.”

వదిన పాప వైపు తిరిగింది.

“చార్టేంటే? ఏం చార్టు?” అంది. మెట్టు మీదే కూర్చుంది. “తలనొప్పి మాత్ర కోసం కదే వెళ్ళింది. నేను పంపాను. ఇంట్లో ఉంటుంది చూడు అన్నారు మీ నాన్న. లేదు, ఆ మాత్రం తేలేరా అని కసిరాను. ఆయన పోయాక సర్దుతుంటే డబ్బాలోనే ఉంది. అట్ట కూడా తెరవలేదు.” గ్లౌజు చేత్తోనే నోరు మూసుకుంది. “నీ మొహం ఎలా చూడనే? చూసినప్పుడల్లా, మీ నాన్నని నేనే పంపానని నీకు తెలిసిపోతుందేమోనని భయం.”

ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకుని, ఈ ఇద్దరూ ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు అదే రాయిని మోస్తూ వచ్చారు.

పాప అత్తని దాటుకుని వెళ్ళి తల్లి ముందు నిలబడింది. వంగి, తల్లి తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

“అమ్మా, నాన్నని నువ్వు అడక్కపోతే ఇంకెవర్న...”

అంతవరకే అనగలిగింది. ఆపైన గొంతు బొంగురుపోయి, పెదవులు వంకర తిరిగి, ఎప్పట్నుంచో ఆగిపోయినదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. సినిమాల్లో ఏడ్చినట్టు అందంగా ఏమీ లేదు. ముక్కు కారి, ఎక్కిళ్ళు పడి, ఊపిరందక దగ్గొచ్చి, తల్లి భుజంలో మొహం దాచుకుని మెట్లన్నీ మార్మోగేలా ఏడ్చింది. తల్లి కూడా దాన్ని వాటేసుకుని గొల్లుమంది.

చుట్టుపక్కల ఫ్లాట్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పైనుంచి ఒకావిడ చేతిలో తడిబట్టతోనే, ఏమైంది, ఎవరికేమైంది అంటూ దిగబోయింది. కాంపౌండరు లేచి, మెట్లకి అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

“ఏం కాలేదండీ, ఏడుస్తున్నారంతే. కాసేపు ఏడవనివ్వండి.”