ఒంటరి పంక్తి

ఒక కన్ను పొయ్యి మీది పాల మీద వేసి ఉంచి, రెండో కంటితో జర్మన్ నిఘంటువు చూడటం ఆమెకు ఏడేళ్లుగా అలవాటు. వంటగట్టు మీద నోటుపుస్తకం, దాని అట్ట మీద నూనె చుక్కలు. "ఇంట్లో కూర్చుని రాసుకునేదేగా, ఎవరొద్దన్నారు? కూర మాడకుండా చూసుకో, చాలు," అనేవారు అత్తగారు. ఆవిడ లెక్కలో అది అనుమతి. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద అనుమతి ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

భర్త అచ్చుపని నేర్పే బడిలో మాస్టారు. చప్పుడు విని యంత్రంలో ఏ పళ్లచక్రం అరిగిందో చెప్పగల మనిషి. ఆ విద్యలో ఆయనకు వంక పెట్టలేం. కానీ బడికి వచ్చిన యంత్రాలన్నీ జర్మన్‌వి, వాటితో వచ్చిన పుస్తకాలూ జర్మన్‌లోనే. పెళ్లికి ముందు గ్రంథాలయంలో పనిచేస్తూ ఆమె ఆ భాష నేర్చుకుంది. "నీకొచ్చుగా, కాస్త ఇంగ్లీషులో రాసిపెట్టు," అన్నాడాయన ఒకరోజు, చొక్కాకు గుండీ కుట్టమన్నంత తేలిగ్గా. ఒక కాగితం పది కాగితాలైంది, పది కాగితాలు నోటుపుస్తకాలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు, రెండువేల అచ్చుపని మాటలు.

నిఘంటువులో దొరికేవైతే ఎవరైనా రాస్తారు. దొరకనివే ఆమెను పట్టుకుని వదిలేవి కావు. 'ఫాల్జ్‌బైన్' అని ఒక మాట. మడత ఎముక. అదేమిటో తెలియక వారం రోజులు తిండి సయించలేదు. చివరికి కూరల సంచితోనే బైండింగు షాపుకు వెళ్లి, అక్కడ కాగితాలు మడిచే పెద్దావిడను అడిగింది. ఆవిడ నవ్వి, నున్నటి ఎముక పలక ఒకటి చేతిలో పెట్టి, "నొక్కి చూడమ్మా, మడత ఎట్లా కూర్చుంటుందో," అంది. ఆ సంతోషంతో ఇల్లు చేరితే, "కూరలకి ఇంతసేపా?" అన్నారు అత్తగారు. మాట దొరికిందని చెప్పుకోవడానికి మనిషి లేక, ఆమె కూరలు కడిగింది. తప్పు ఒక్కటీ లేని పేజీని జర్మన్ అచ్చుపనివాళ్లు 'కన్య' అంటారని రాసినప్పుడు మాత్రం మాస్టారు శ్రద్ధగా చదివాడు. మర్నాడు దాన్ని తరగతిలో చెప్పి అందరినీ నవ్వించి, "భలే పేలిందోయ్," అంటూ ఇంటికొచ్చి తువ్వాలు అడిగాడు.

ఆ రెండువేల మాటలూ ఒక నిఘంటువుగా అచ్చుకు వెళ్లాయి. ప్రూఫులు పట్టుకుని ప్రచురణ సంస్థ ఎడిటరు ఒక ఉదయం ఇంటికే వచ్చింది. నడివయసు మనిషి, మెడలో కళ్లద్దాల గొలుసు. మాస్టారు మొదటి పేజీ తీసి, "చూడోయ్, ఎంత బాగా కుదిరిందో," అన్నాడు. పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. ముందుమాట చివర ఒక వాక్యం: 'నా రాతప్రతిని ఓపికగా టైపు చేసిపెట్టిన శ్రీమతికి.' ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. లోపలికి వెళ్లి కాఫీ పెట్టింది.

కాఫీ తెచ్చేసరికి ఎడిటరు అడుగుతోంది. "మాస్టారూ, 'హూరెన్‌కింట్'కి 'విడో' అని ఇచ్చారు. జర్మన్‌లో అది తిట్టు కదా? పోలికే లేదే!"

మాస్టారు దగ్గాడు. పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. "అది... వాడుకండి. అంతే."

ఆమె కాఫీ కప్పులు బల్ల మీద పెట్టింది. "పేరా చివరి పంక్తి ఒక్కటే విడిపోయి తర్వాతి పేజీ నెత్తిన పడుతుందండీ. జర్మన్‌వాళ్లు దాన్ని వేశ్య బిడ్డ అన్నారు, ఇంగ్లీషువాళ్లు విధవ అన్నారు. తోడు లేని పంక్తి కనపడితే ఇద్దరికీ ఆడదే గుర్తొచ్చింది. మర్యాద కోసం మార్చకండి. అసలు అర్థం కింద వేయండి, చదివేవాళ్లకు తెలియాలి."

ఎడిటరు కళ్లద్దాలు తీసి ఆమెను చూసింది. మాస్టారు గట్టిగా నవ్వి, "మా ఇంట్లో గోడలకి కూడా జర్మన్ వచ్చేసిందండీ!" అన్నాడు. గోడలా నిలబడే ఆమె ఆ మాట విన్నది. ఏడేళ్లలో ఇలాంటివి ఎన్ని మింగిందో. ఇదెందుకో గొంతు దిగలేదు.

"సరే, రెండో సంపుటం సంగతి," అంది ఎడిటరు మెల్లగా. "బైండింగు మాటలు. ఎప్పటికిస్తారు?"

"ఆరు నెలల్లో ఇచ్చేస్తాం," అన్నాడు మాస్టారు.

"ఎవరిస్తారండీ?" అందామె.

మాస్టారు మొహం ఎర్రబడింది. "అదేం ప్రశ్న? నువ్వు కాక ఎవరిస్తారు? నాకేమన్నా జర్మన్ వచ్చా?"

అన్నాక ఆయనకే వినపడింది. ఎడిటరు చేతిలోని ఒప్పందం కాగితం పక్కన పెట్టి, మొదటి పేజీ ప్రూఫు ముందుకు లాక్కుని, కలం మూత తీసింది.

"మీ పూర్తి పేరు చెప్పండమ్మా."

ఆమె చెప్పింది, ఒక్కొక్క అక్షరం విడదీసి. ఆ పేరు ఆ ఇంట్లో వినపడి చాలా కాలమైంది.

"ఇప్పుడెందుకండీ ఇదంతా," మాస్టారు తడబడ్డాడు. "ఆ పేజీలో రెండు పేర్లంటే ఇరుకైపోదూ?"

"అయితే ఒక్కటే ఉంచండి," అందామె.

ఏ పేరని ఎడిటరు అడగలేదు.